తలకెక్కిన కొంగు

మొన్న కొత్తకోటలో మా చెల్లెలి కొడుకు పెళ్ళికి పోయాను. మండపం గుమ్మంలో ఒకాయన పెద్ద అట్టపెట్టె ముందు పెట్టుకొని నిలబడి ఉన్నాడు. పెట్టె నిండా తలపాగాలు. కుట్టి, అతికించి, లోపల అట్ట వేసి, ముందు గాజురాయి గుచ్చి, ఇడ్లీపాత్రలోంచి అప్పుడే దించినట్టు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. వచ్చిన ప్రతి మగవాడి నెత్తినా ఒకటి బోర్లిస్తున్నాడు. పెళ్ళికొడుకు తండ్రికి పెట్టాడు, పెళ్ళి చేయించే అయ్యగారికి పెట్టాడు, జనరేటర్ తిప్పేవాడికి పెట్టాడు, చివరికి మంచినీళ్ళ కోసం రోడ్డు దిగి వచ్చిన లారీ డ్రైవరుకు కూడా పెట్టాడు. ఆ డ్రైవరు అదే నెత్తితో బెంగుళూరు దాకా పోయి ఉంటాడనీ, దారిపొడుగునా పోలీసులు సలాములు కొట్టి ఉంటారనీ నా నమ్మకం. మా మరిదిని, అదే పెళ్ళికొడుకు తండ్రిని, పలకరిద్దామని రెండు గంటలు వెతికాను. ఎదురైన మహారాజులెవరూ మా మరిది కాదు. ఒకప్పుడు మా గద్వాలలో తలమీది గుడ్డను చూసి మనిషిని పోల్చుకునేవాళ్ళం. ఆ రోజు గుడ్డ తీయిస్తేగాని మనిషిని పోల్చుకోలేకపోయాను.

అర నిమిషంలో నెత్తిన పడే ఆ వస్తువు కోసం మా తాత తిమ్మప్ప అరవై ఏళ్ళు కాచుకున్నాడు. కాచుకొని, కాచుకొని, తీరా అది తలమీదికి వచ్చిన రోజున వీధి వీధంతా పొట్ట పట్టుకొని నవ్వింది. ఆ కథ చెబుతాను. నేను కొంచెం పెంచి చెబుతానని మా ఇంట్లో నాకు పేరుంది. అది నిజం కాదు. నేను చాలా పెంచి చెబుతాను. అయినా మా తాత చెప్పినదానిలో పదో వంతు కూడా ఉండదు.

అవి సంస్థానం రోజులు. మా వీధి నేసేది చీరలే అయినా, ఏడాదికి నాలుగైదు పాగాలు కూడా మగ్గం దిగేవి. పాగాలో జరీ అంచును వేళ్ళతో లెక్కగట్టేవారు. ఊరి పటేలుకు ఒక వేలు, పది ఊళ్ళ పెత్తనమున్నవాడికి రెండు వేళ్ళు, కోటలో కూర్చోవడానికి చోటున్నవాడికి నాలుగు వేళ్ళు. ఐదో వేలు కోట లోపలివాళ్ళది. దాన్ని గురించి మేము నోటితో అనేవాళ్ళం కూడా కాదు, చెయ్యి విప్పి చూపి మళ్ళీ ముడిచేసేవాళ్ళం. అయితే ఆ వేలు ఎవరి వేలన్నది ఎక్కడా రాసి లేదు. అందుకని వనపర్తి వైపు పటేలొకాయన, తన ఒక్క వేలు అంచు కొలవడానికి జీతగాణ్ణి బండిలో ఎక్కించుకొచ్చాడు. ఆ జీతగాని బొటనవేలు రోకలిబండ అంత ఉండేది.

"పటేలా, ఏలు మీదా, ఈయనదా?" అని అడిగాడు మా తాత.

"గాయన నా మనిషే గద. గాయన ఏలు నాది గాదా?"

"అయితే తలగూడ గాయనదే కొలుస్త పటేలా. తయారైనంక గాయనకే సరిపోతది."

పటేలు తన వేలే చాపాడు. అది మెంతికూర కాడ అంత ఉంది.

ఇక ఆ గుడ్డను పెట్టుకునే మర్యాద మరీ తిరకాసు. పెద్దవాడు బోడితలతో కచేరికి పోతే కోటకు అవమానం. చిన్నవాడు తలగుడ్డతో పోతే అంతకంటే అవమానం. కాబట్టి కచేరి మెట్ల దగ్గర ఎప్పుడు చూసినా సగంమంది తలకు చుట్టుకుంటూ ఉండేవారు, సగంమంది విప్పి నడుముకు కట్టుకుంటూ ఉండేవారు. మా నేతగాళ్ళం నడుము జట్టు. జిల్లాలోని పెద్ద తలలన్నిటికీ పాగాలు నేసిన వీధి మాది. కచేరి మెట్ల దగ్గర మా తలలకు మాత్రం ఎండే పాగా.

మా ఇంట్లో పొద్దు అనేది సూర్యుడితో మొదలయ్యేది కాదు, గంజి వాసనతో మొదలయ్యేది. నేను కళ్ళు తెరిచేసరికి వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకు పడుగు పరిచి ఉండేది. రెండు వరసల మగవాళ్ళు కుంచెలతో ఆ దారాలకు గంజి పట్టిస్తూ, పీతల్లా పక్కకు పక్కకు జరిగిపోతుండేవారు. మా వీధి కుక్కలు కూడా పడుగు కింది నుంచే వంగి పోయేవి. ఒక్క పోగు తెంపిన కుక్క లేదు. పొరుగూరి కుక్క వస్తే మావి దానికి నడక నేర్పేవి. ఇంట్లో ఒక మూల పట్టు ఉడికే వాసన, ఇంకో మూల పుంటికూర ఉడికే వాసన. రెండూ కలిసి మా బట్టల్లోకీ, మా జుట్టులోకీ, బహుశా మా జాతకాల్లోకీ ఎక్కేవి. ఇవ్వాళ్టికీ ఎక్కడన్నా కొత్త పట్టుచీర మడత విప్పితే నాకు జొన్నరొట్టె మీదికి మనసు పోతుంది.

మా తాత గుంటమగ్గంలో నడుము దాకా దిగి కూర్చుంటే, సాయంత్రం వరకు మాకు సగం తాతే కనిపించేవాడు. ఆ సగం తాతకు పొద్దున్నుంచి ఒకటే పని, అవ్వను పిలవడం. మా అవ్వ పేరు ఈశ్వరమ్మ. "ఈశ్వరీ, ఈ రంగు సరేనా? ఈశ్వరీ, వానొస్తదా? ఈశ్వరీ, నాకు ఆకలైతుందా?" అన్నీ ఆమెనే అడిగేవాడు. పొరుగింటి తగాదా తీర్చడానికి పిలిస్తే అందరి మాటా విని, తలుపు వైపు చూసి, దగ్గేవాడు. తలుపు వెనక అవ్వ గాజులు చప్పుడయ్యేవి. అప్పుడు తీర్పు చెప్పేవాడు. అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక తుడుచుకోవడానికి ఇంట్లో తువ్వాలకు కరువా? మా ఇంట్లో కాదు. కానీ ఆయన చెయ్యి అవ్వ చీరకొంగును తప్ప ఇంకో గుడ్డను ఎరగదు. నలుగురిలోనైనా సరే, తడిచెయ్యి గాల్లో ఎత్తి పట్టుకొని అవ్వ వచ్చేదాకా నిలబడేవాడు.

ఇది చూసి కడుపు నిండా నవ్వుకునేవాడు అవ్వ తమ్ముడు నాగప్ప. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఆయన మగ్గం. చేతిపనిలో మా తాతకు ఈడైనవాడు, నోటిపనిలో మా తాతకు తాత. "మా అక్క కొంగు వట్టుకొని తిరిగేటోడు మా బావ. కొంగు ఇడిస్తే బజాట్ల తప్పిపోతడు" అని వీధి అరుగుల మీద కూర్చొని చెప్పేవాడు. మా తాత "నీకు కుళ్ళు రా బామ్మర్దీ, రంగమ్మ నిన్ను కొంగు ముట్టనియ్యదు" అనేవాడు. రంగమ్మ ఆయన భార్య. బావాబామ్మర్దుల మాటలకు పట్టింపు లేదు కాబట్టి అది అలా నడిచిపోయింది, మా వీధి కులపెద్ద చనిపోయేదాకా.

మా కులపెద్దను సేనాపతి అంటారు. సేన ఏదని అడగవద్దు. నలభై మగ్గాలు, ఆ మగ్గాల మీద తగాదాలు, అదే సేన. ఆ పెద్దరికానికి జీతం లేదు, మాన్యం లేదు. ఉన్నదల్లా ఒక తెల్లని పాగా. వీధి వీధంతా కూర్చొని ఉండగా అది తలకు చుట్టిన క్షణం నుంచి ఆ మనిషి మాట మాట. పాగా సరిగా తలకెక్కకపోతే, మధ్యలో జారినా, నలుగురూ నవ్వినా, ఆ పెద్దరికం పుట్టకముందే పోయినట్టు. ఈ పాగాకు మా తాతా, నాగప్ప తాతా ఇద్దరూ ఆశపడ్డారు. ముసలివాళ్ళు నాలుగు రోజులు ఆలోచించి మా తాత పేరు చెప్పారు. నాగప్ప తాత లేచి, "మంచిది. కొంగు వట్టుకొని తిరిగేటోన్ని పెద్దను చేసిండ్రు. ఇగ పంచాయితీలన్ని మా అక్క వంటింట్లనే" అని దులుపుకొని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు అసలు చిక్కు వినండి. సేనాపతి పాగా ఆయన ఇంట్లో నేయకూడదు. అది భార్య పుట్టింటి నుంచి రావాలి, బావమరిది మగ్గం మీదే నేయాలి. నేసినవాడు దాన్ని పసుపుగుడ్డలో మడిచి తేవాలి. తలకు చుట్టేదాకా ఎవరూ విప్పి చూడకూడదు. అంటే, పెద్దరికం పోగొట్టుకున్న మనిషే గెలిచినవాడి తలగుడ్డ నేయాలి. ఈ ఆచారం పెట్టినవాడెవడో గొప్ప జ్ఞాని అయినా అయి ఉండాలి, నాలాంటి కొంటెమనిషి అయినా అయి ఉండాలి.

పాగా నేసే ఆ పదిహేను రోజులు మా తాతకు నిద్ర లేదు, అంటే మధ్యాహ్నం నిద్ర. మగ్గంలో కూర్చొని చెవులు రిక్కించి నాలుగిళ్ళ అవతల నాగప్ప మగ్గం చప్పుడు వినేవాడు. "ఈశ్వరీ, నీ తమ్ముడు నేస్తుండా లేదా?" "నేస్తుండు." "ఏం నేస్తుండు?" "గుడ్డ." "మంచిగ నేస్తుండా?" అవ్వ విసిగిపోయి, "నీ తల మంచిదైతే గుడ్డ గూడ మంచిదే అయితది. జర ఊకో" అనేది. కానీ ఆమె కూడా పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. ఒకవైపు మొగుడు, ఒకవైపు తోడబుట్టినవాడు. గుడ్డ చెడిపోతే ఆమెకు ఒక ఇల్లు పోయినట్టే. ఏ ఇల్లన్నదే తెలియదు.

ఆ రోజు రానే వచ్చింది. వీధిలో చాపలు పరిచారు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. మా తాతను పీట మీద కూర్చోబెట్టారు. ఆయన ఆ రోజు తలకు ఎంత నూనె పెట్టాడంటే, అందులో మా వీధి ముఖం చూసుకోవచ్చు. నాగప్ప తాత పసుపుమూట తెచ్చి, పెళ్ళికూతురి తండ్రిలా వినయంగా పెట్టాడు. అందరికంటే పెద్దాయన మూట విప్పి చుట్టడం మొదలుపెట్టాడు. మొదటి మూర తెల్లగా మల్లెపూవులా వచ్చింది. రెండు, మూడు, నాలుగు మూరలు. మా తాత గడ్డం మూరకొక అంగుళం పైకి లేస్తోంది. పదో మూర దాకా అంతా సవ్యంగా నడిచింది. పదకొండో మూర దగ్గర పెద్దాయన చేతులు ఆగిపోయాయి.

తెల్లటి నూలు అయిపోయి ఎర్రటి పట్టు మొదలైంది. పట్టు మీద జరీ. జరీ మీద కోటకొమ్మలు, అంటే కోటగోడ మీది మొనల్లాంటి మా గద్వాల చీరల గుర్తు. ఆ కొమ్మల మధ్య మామిడిపిందెలు. పాగా చివర నిండు చీరకొంగు! రెండు మూరల కొంగు మా తాత వీపు మీదికి, కొత్తకోడలి పైట జారినట్టు జారింది.

 ఎక్కడో ఒక మూల "కిసుక్" మంది. ఇక ఆగలేదు. నవ్వు ఎలా లేచిందంటే జూరాల అవతల ఏటిగట్టు మీది కొంగలు ఎగిరిపోయాయని చెబుతారు. "సేనాపతికి సారె పెట్టిండ్రు!" అని ఒకరు. "కుచ్చెళ్ళు గూడ పెడితే అయిపోతుండె!" అని ఇంకొకరు. మా తాత చెంపలు ఆ కొంగుకంటే ఎర్రగా అయ్యాయి. 

నాగప్ప తాత అమాయకంగా చేతులు తిప్పాడు. "ఏం జేస్త బావా, పుట్టినసంది చీరలే నేసిన చెయ్యి. అలవాటుల పడి, కొంగు గూడ నేసింది. నాకే తెల్వదు."

అబద్ధం! అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు. గద్వాల చీరలో ఒళ్ళు నూలు, కొంగు పట్టు. నూలు పడుగు అయిపోయిన చోట పట్టు పడుగును పోగుకు పోగు, వేళ్ళకు బూడిద అద్దుకొని, మెలిపెట్టి అతకాలి. ఆ పని ఆడవాళ్ళు చేస్తారు. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, ఎంత తక్కువైనా రెండు రోజులు పడుతుంది. చెయ్యి జారితే ఒక క్షణం జారుతుందిగాని రెండు రోజులు జారుతుందా?

అప్పుడు ఆడవాళ్ళ చాపల మీది నుంచి రంగమ్మవ్వ లేచింది. కులం కూర్చున్నచోట ఆడది నోరెత్తిన దాఖలా లేదు. ఆమె నేరుగా వచ్చి మా తాత వీపు మీది కొంగును పిడికిట్లో పట్టుకుంది.

"రెండు దినాలు అతికిన దీన్ని! కండ్లు పోయినయి, నడుము పోయింది. పన్నా చిన్నగున్నది ఏందయ్యా అంటే, శ్రీరంగాపూర్ అమ్మవారి ఊరేగింపు విగ్రహానికి చీర, చిన్న తల్లికి చిన్న చీర, అని నాతో అన్నడు. నేను రెండు దినాలు ఒక్కపొద్దు ఉన్న! పోగుపోగుకు దండం బెట్టుకున్న! జారింది ఈయన చెయ్యి గాదు, బుద్ధి!"

నవ్వులు ఆరిపోయాయి. నాగప్ప తాత భూమిలో మగ్గంగుంట కోసం వెతుకుతున్నట్టు చూశాడు. పెద్దాయన, "సేనాపతీ, ఇగ నీ మాట. ఇది అవమానమా, అలవాటా? అవమానమంటే నాగప్పను కులం బయట పెడుదాం" అన్నాడు.

మా తాత అలవాటు ప్రకారం దగ్గాడు. అక్కడ తలుపు లేదు. నలభై ఇళ్ళ ఆడవాళ్ళ మధ్య అవ్వ ఉంది. గాజులు చప్పుడు కాలేదు. ఆమె తలవంచుకొని తన కొంగును నోటికి అడ్డం పెట్టుకొని ఉంది, అంతే. మొట్టమొదటిసారి మా తాత తన తీర్పు తనే చెప్పవలసి వచ్చింది.

"రంగమ్మా, అతికేటప్పుడు మనసుల ఎవలను తలుసుకున్నవ్?"

"అమ్మవారిని."

"అయితే ఇది పాగా గాదు, చీర గాదు. మొక్కు. మొక్కును నెత్తిన పెట్టుకుంట, ఇప్పను. ఇగ మా బామ్మర్దికి తప్పు ఏస్తున్న. దీన్ని ఎప్పుడు చుట్టాల్సొచ్చినా నాగప్పే వచ్చి చుట్టాలె. కొంగు ఎట్ల దిగాల్నో నేసినోనికి తెల్సినట్టు వేరేటోళ్ళకు తెల్వదు."

ఈసారి కూడా నవ్వారు. కానీ ఆ నవ్వు మా తాత వైపు నుంచి పోయింది, మా తాత వైపు రాలేదు. ఆ తేడా తెలిసినవాళ్ళకు తెలుస్తుంది. ఇంటికొచ్చి అన్నం తిని, చెయ్యి కడుక్కొని, తడిచెయ్యి గాల్లో ఎత్తి నిలబడ్డాడు. అవ్వ వంటింట్లోంచి కదలలేదు. "ఇగ నా కొంగెందుకు? నీకు నీ కొంగున్నది గద, తుడుచుకో" అంది. కళ్ళు మాత్రం తుడుచుకుంటోంది.

ఇప్పటి మనుషులకు ఇంకా మంచి వెసులుబాట్లు ఉన్నాయి, కాదనను. ఎవరి ముందూ తలగుడ్డ విప్పి నడుముకు కట్టుకోనక్కరలేదు. ఆ ఒక్కదాని కోసమైనా ఆ రోజులు పోయినందుకు నేను పది కొబ్బరికాయలు కొడతాను. కానీ నెత్తిన పెట్టుకున్నది ఎవరు నేశారో, ఎవరు ఒక్కపొద్దుండి అతికారో, ఎవరు ఏడిపించడానికి చేశారో తెలియని తలలను చూస్తే మాత్రం నాకు కొంచెం జాలి. మనల్ని వెక్కిరించాలన్నా పదిహేను రోజులు కూర్చొని నేయవలసిన కాలం అది. ఇవ్వాళ అంత శ్రద్ధగా మనల్ని ఎవరు వెక్కిరిస్తారు?

ఆ తరువాత రెండు నెలలకు కోట నుంచి హుకుం వచ్చింది. బండ్లకు అడ్డంగా ఉన్నాయి కాబట్టి వీధిలో పడుగులు పరచరాదు. పడుగు పరచకపోతే నేత లేదు, నేత లేకపోతే నలభై ఇళ్ళలో పొయ్యి లేదు. మా తాత కచేరికి బయలుదేరాడు. తీర్పు ప్రకారం నాగప్ప తాత పొద్దున్నే వచ్చి, "తల గట్టిగ పెట్టు బావా, గుమ్మడికాయ లెక్క దొర్లుతుంది" అని సణుగుతూ చుట్టాడు. కచేరి మెట్ల దగ్గర విప్పడానికి కూడా ఆయనే కావాలి కాబట్టి వెంట పోయాడు. అక్కడ జరిగింది నాకు ఇద్దరూ వేరువేరుగా చెప్పారు. రెండూ కలిపి, సగానికి తగ్గించి, మళ్ళీ కొంచెం పెంచి రాస్తున్నాను.

మెట్ల మీద జవాను అడ్డం వచ్చాడు. "నేత సాలోళ్ళు గద? గుడ్డ దియ్." నాగప్ప తాత ముడి మీద చెయ్యి వేశాడు. ఇంతలో లోపలి నుంచి గుమాస్తా బయటికి వచ్చాడు. ఆయనకు జిల్లాలోని వేళ్ళన్నీ తెలుసు. ఒక వేలు, రెండు వేళ్ళు, నాలుగు వేళ్ళు, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో కళ్ళు మూసుకొని చెబుతాడు. కానీ వీపు మీద రెండు మూరల ఎర్రపట్టు, కోటకొమ్మలు, మామిడిపిందెలు! ఆయన జన్మలో చూడని హోదా.

"ఆగు. ఇదెక్కడి మర్యాద?" అన్నాడు గుమాస్తా.

మా తాత నాగప్ప తాత వైపు చూశాడు. ఒక్క మాట చాలు. "చీరకొంగు దొరా" అంటే చాలు, మా తాత పెద్దరికమూ, వీధిలో పడుగులూ అన్నీ ఆ మెట్ల మీదే దొర్లిపోతాయి. రెండు నెలల కింద ఆ మాట అనడానికే నాగప్ప తాత పదిహేను రోజులు మగ్గంలో కూర్చున్నాడు.

నాగప్ప తాత ముడి మీది చెయ్యి తీశాడు. కొంగును మడత పడకుండా సరిచేసి, బావ భుజం మీదుగా ముందుకు వేశాడు.

"అమ్మవారి మర్యాద దొరా. శ్రీరంగాపూర్ తల్లి పేరుమీద మా ఆడోళ్ళు ఒక్కపొద్దుండి అతికిన పట్టు. ఇప్పమంటే ఇప్పుత. కాకపోతే, ఇప్పించేటోళ్ళు మొదలు చెప్పులిడిసి, కాళ్ళు కడుక్కోవాలె."

గుమాస్తా తన చెప్పుల వైపు చూసుకున్నాడు. కొత్తవి, కిర్రుమనేవి. విడిస్తే ఆ మెట్ల దగ్గర ఎవరు ఎత్తుకుపోతారో తెలియదు. జవానును కేకేసి, బెంచీ తెమ్మన్నాడు.

రోజూ బండ్లు తిరగకముందే పడుగులు ఎత్తేయాలన్న మాట మీద హుకుం రద్దయింది. ఇద్దరూ ఎండలో ఇంటికి నడుచుకుంటూ వచ్చారు. దారిలో నాగప్ప తాత కొంగును ఒకసారి పట్టిచూసి, నాలుక చప్పరించాడు.

"ఇంకో మూర నేసుంటే కుర్సీ ఏస్తుండె గద బావా?"

"వద్దు రా" అన్నాడట మా తాత. "కుర్సీల ఒక్కడే పడుతడు. బెంచీ గాబట్టి ఇద్దరం గూసుంటిమి."